జీను ఎవరి కొలతకి?

తగువు పెళ్ళిగుర్రం దగ్గర మొదలైంది. మే నెలాఖరు ముహూర్తం. తిరువూరులో మా పక్కింటి పెళ్ళికి ఊరేగింపు గుర్రాన్ని సాయంత్రం నాలుగింటికే తెచ్చి వేపచెట్టుకి కట్టారు. తోలుకొచ్చినతను జరీగుడ్డా జీనూ దించి దులుపుతుంటే దాని వీపు బయటపడింది. మూపు వెనక, వెన్నుకి అటూ ఇటూ, అరచేతిలో సగమంత తెల్లమచ్చలు. ఎర్రటి గుర్రం మీద సున్నం వేళ్ళు అద్దినట్టున్నాయి. పిల్లలు ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటున్నారు.

“అవి మచ్చలు కావర్రా, జీను కరిచిన గుర్తులు” అన్నాడు పెళ్ళికొడుకు చినతాత. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఆ మాటకి అందరూ నవ్వారు, ఒక్కరు తప్ప. నవ్వనిది ఆయన అన్నగారి కూతురు. డాలస్ నుంచి పెళ్ళికొచ్చింది. పదమూడేళ్ళ వాళ్ళమ్మాయి అక్కడ గుర్రమెక్కి పీపాల పందెంలో దిగుతోంది. గుర్రాన్ని కొన్నారు, జీను కొన్నారు. గుర్రానికి వీపు పొట్టిదట. జీను కుదరడం లేదు.

నేను రసాల బుట్ట పట్టుకుని పలకరించడానికి వెళ్ళినవాణ్ణి, రెండు గంటలు అక్కడే కూలబడ్డాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఆయన్ని బాబాయి అనీ ఆమెని అమ్మాయి అనీ రాస్తాను, వాళ్ళు పిలుచుకున్నట్టే.

బాబాయి: ముందు ఆ పందెం ఏంటో మాస్టారికి చెప్పమ్మాయ్. ఫోన్లో నాకు చూపించావు గానీ దుమ్ము తప్ప ఏం కనపళ్ళా.

అమ్మాయి: మూడు పీపాలు మాస్టారూ. రెండు ఎదురెదురుగా 90 అడుగుల దూరంలో ఉంటాయి. మూడోది ఆ రెంటికీ పైన, ఒక్కోదానికి 105 అడుగుల్లో. గుర్రం దూసుకొచ్చి మొదటి దాన్ని చుట్టాలి, రెండోదాన్ని చుట్టాలి, మూడోదాన్ని చుట్టి తిన్నగా బయటికి పరిగెత్తాలి. పెద్ద పోటీల్లో ఇదంతా పదిహేడు సెకన్ల అటూ ఇటూలో అయిపోతుంది. పీపా పడితే ఐదు సెకన్లు కలుపుతారు. అంటే ఇక ఇంటికే. ఆడవాళ్ళ పందెం అది. 1948లో టెక్సస్‌లోని శాన్ ఆంజెలోలో 38 మంది ఆడవాళ్ళు కూడి సంఘం పెట్టుకున్నారు. మగవాళ్ళ రోడియోలో అలంకారానికి నిలబడటం చాలు, మా పోటీ మాకు కావాలని.

బాబాయి: బాగుంది. ఇంతకీ గుర్రాన్ని కొనేటప్పుడు ఏం చూశారు? సుడి చూశారా?

అమ్మాయి: సుడులెవరు చూస్తారు బాబాయ్ అక్కడ. కాళ్ళు చూశాం, గిట్టలు చూశాం, డాక్టరుతో ఎక్స్‌రేలు తీయించాం. వీపు పొట్టిదని అప్పుడే తెలుసు. తెలిసే కొన్నాం. పొట్టి వీపుది మలుపులో వెనక కాళ్ళు తొందరగా కిందికి తెచ్చుకుంటుంది, బొంగరంలా తిరుగుతుంది.

బాబాయి: మలుపు కోసం పొట్టిదాన్ని కొన్నారు, జీను దగ్గరికొచ్చేసరికి పొడుగుది వేశారు. ఇప్పుడది రెండో పీపా దగ్గర తిరగనంటోంది. అంతేనా?

అమ్మాయి: తిరుగుతోంది, కానీ దూరంగా పోయి తిరుగుతోంది. తోక కొట్టుకుంటోంది. తంగు బిగించేటప్పుడు మెడ తిప్పి కరవబోతోంది. పిల్ల చేతిలో పొరపాటని కోచ్ అన్నారు.

బాబాయి: పిల్లదేం లేదు. గుర్రం నోరు లేక తోకతో చెప్తోంది.

ఇక్కడ బాబాయి కొంచెం తొందరపడ్డాడని నాకనిపించింది. తోక కొట్టుకునే గుర్రానికి పళ్ళనొప్పి ఉండొచ్చు, కాలునొప్పి ఉండొచ్చు. ఆ మాటే అన్నాను. అవన్నీ చూపించామంది అమ్మాయి. ఇక నోరు మూసుకున్నాను.

బాబాయి: నాకు గుర్రాలకన్నా ఎడ్లు ఎక్కువ తెలుసు, ఒప్పుకుంటా. బండలాగుడు పోటీలకి ఒంగోలు జత మేపినవాళ్ళని అడుగు. కాడి చెక్కించేటప్పుడు వడ్రంగిని ఎద్దు దగ్గరికే పిలుస్తారు. మెడ తడిమి చూసి చెక్కుతాడు. దాపటెద్దు మెడ వేరు, ఎలపటెద్దు మెడ వేరు. అంచు మొరటుగా ఉందా, మూడో రోజుకి కాడిపుండు. పుండు పడ్డ ఎద్దుని ఎంత అదిలించినా బండ కదలదు. రైతు చేతికి నునుపుగా ఉందా లేదా అని ఎవడూ చూడడు. మరి మీరు? పిల్ల ఎక్కి కూర్చుని బాగుందంది, కొనేశారు!

అమ్మాయి: కాడి మీద రైతు కూర్చోడు బాబాయ్.

బాబాయి: ...

అమ్మాయి: అదీ తేడా. కాడికి కింద మాత్రమే మెడ ఉంటుంది. జీనుకి కిందొక ప్రాణి, పైనొక ప్రాణి. మా పిల్ల ఏడాదిలో మూడంగుళాలు పెరిగింది. గుర్రం పొట్టిది కదా అని పదమూడంగుళాల సీటున్న జీను వేశామనుకో, పిల్ల అందులో పట్టదు. పట్టనప్పుడేం చేస్తుంది? వెనక గోడ మీదికి జరుగుతుంది. బరువంతా జీను తోక మీద పడుతుంది. నువ్వు భయపడే నడుము మీదే పడుతుంది. గుర్రానికి మేలు చేద్దామని చిన్న జీను కొంటే గుర్రానికే కీడు.

ఇది బాబాయి ఊహించని దెబ్బ. నేనూ ఊహించలేదు. చిన్న గుర్రానికి చిన్న జీను అనే లెక్కలోనే ఇద్దరం ఉన్నాం.

ఆమె చెప్పింది నాకర్థమైనంతవరకు ఇది. అమెరికా జీను లోపల ఒక చట్రం ఉంటుంది. దాన్ని వాళ్ళు ట్రీ అంటారు. కర్రతో చేసి పచ్చితోలు చుట్టిందో, ఫైబర్‌గ్లాసు పూసిందో. ఆ చట్రంలో వెన్నుకి అటొకటి ఇటొకటి రెండు పట్టెలు, వాటిని ముందూ వెనకా కలిపే కమానులు. ఆ పట్టెలే బార్లు. పైన కూర్చున్న మనిషి బరువుని గుర్రానికి అప్పగించేవి అవే. వాటి మీద సీటు, ముందు కొమ్ము, వెనక గోడ. కింద చుట్టూ వేలాడే తోలు స్కర్టు. పీపాల పందెం జీనుకి సీటు లోతుగా, కొమ్ము పొడుగ్గా, వెనక గోడ ఎత్తుగా ఉంటాయి, మలుపులో మనిషి ఎగిరిపోకుండా. స్కర్టు గుండ్రంగా కత్తిరిస్తారు. మొత్తం పది, పన్నెండు కిలోలు. తాడేసి ఎద్దుని పట్టేవాళ్ళ జీను దాదాపు ఒకటిన్నర రెట్లు తూగుతుంది.

అసలు మెలిక ఇక్కడుంది. సీటు పొడవు వేరు, బార్ల పొడవు వేరు, స్కర్టు పొడవు వేరు. అంగట్లో చీటీ మీద రాసేది సీటు పొడవు. పద్నాలుగు సీటునీ పదిహేను సీటునీ ఒకే చట్రం మీద కట్టే పనివాళ్ళున్నారు. అంటే సీటు తగ్గించినంత మాత్రాన గుర్రం వీపు మీద ఒక్క అంగుళమైనా తగ్గకపోవచ్చు. చీర కొంగు చూసి జాకెట్టు కొలత చెప్పినట్టుంది వ్యవహారం.

బాబాయి: సరే, పిల్ల సంగతి పిల్లది. గుర్రం వీపు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో నీకు తెలుసా? రా, చూపిస్తా. ఎవరక్కడ, గడప దగ్గర ముగ్గుపిండి గిన్నె ఉంటుంది, పట్రండి.

ముగ్గుపిండి వచ్చింది. గుర్రాన్ని తోలుకొచ్చినతను అనుమానంగా చూశాడు. బాబాయి గుర్రం మెడ మీద రెండు తట్లు తట్టి, భుజం మీద చెయ్యి వేశాడు.

బాబాయి: ఇదిగో, జబ్బపలక. దీని వెనక అంచు వేలికి తగుల్తోందా? అక్కడొక గీత. ఇప్పుడు ముందు కాలు పట్టుకుని ముందుకి లాగు బాబూ. చూశావా, పలక పైకొస వెనక్కి జరిగింది. పరుగులో ఇంకా జరుగుతుంది. అందుకని గీతకి రెండు వేళ్ళు వెనక నుంచి మొదలవ్వాలి బరువు. ఇక వెనక. ఎద్దుకి పదమూడు జతలు ప్రక్కటెముకలు, గుర్రానికి పద్దెనిమిది.

అమ్మాయి: అరబ్బీ గుర్రాల్లో కొన్నిటికి పదిహేడే ఉంటాయట బాబాయ్. పొట్టి వీపని వాటికి పేరు అందుకే.

బాబాయి: ఉండొచ్చు, నేను కొయ్యలేదు. ఇదిగో, డొక్క దగ్గర చివరి ఎముక పట్టుకో. దాని వెంటే వేలితో పైకి పో. ముందుకి వంగుతూ పోతుంది, వెన్నుని కలిసే చోటు ఇది. ఇక్కడ రెండో గీత. ఈ రెండు గీతల మధ్యే కూర్చునే చోటు. దీని వెనక నడుము. ప్రక్కటెముకల ఆసరా లేని చోటది. అక్కడ బరువు మోపితే పైన కండ తప్ప కింద దన్ను లేదు. చూశావా ఎంతుందో? చూడ్డానికి గుర్రం వీపు మంచమంత కనపడుతుంది. కూర్చోడానికి ఇంతే.

రెండు గీతల మధ్య చోటు చూసి నేనైతే నోరు తెరిచాను. మూపు పొడుగ్గా వెనక్కి దిగిన గుర్రానికి ఆ చోటు ఇంకా తగ్గుతుంది. పైకి పొడుగ్గా కనిపించే గుర్రానికి కూర్చునే చోటు కొంచెమే ఉండొచ్చు, పొట్టిదనిపించే దానికి సరిపోయినంత ఉండొచ్చు. గుర్రాల లక్షణాల మీద మనుమంచి భట్టు తెలుగులో పద్యగ్రంథమే రాశాడు. మనవాళ్ళకి గుర్రం కొత్త కాదు. గుర్రాన్ని తడిమి చూసే అలవాటే పోయింది.

అమ్మాయి: నా ప్రశ్న ఇప్పుడు వింటావా? మా జీను స్కర్టు ఈ రెండో గీత దాటి బెత్తెడు పోతుంది. అంటే జీను పొడుగైనట్టా?

బాబాయి: ఇంకా అడుగుతావేంటి? అయినట్టే!

అమ్మాయి: కాదు. స్కర్టు తోలు. బరువు మొయ్యదు. గుండ్రంగా కోసి, అంచు కొద్దిగా పైకి లేచి ఉంటే గీత దాటినా ఫర్వాలేదు. తుంటి ఎముకకి గుచ్చుకోకపోతే చాలు. గీత దాటకూడనివి బార్లు. నువ్వు స్కర్టు చూసి జీను బాగాలేదంటున్నావు. అంగటివాడు సీటు చూసి బాగుందన్నాడు. ఇద్దరూ బార్లు చూళ్ళేదు.

బాబాయి: మరి నువ్వు చూశావా?

అమ్మాయి: ...చూళ్ళేదు.

ఒకరి మీద ఒకరు చెరో దెబ్బ వేసుకున్నారు. టీలు వచ్చాయి. గుర్రం ముగ్గుపిండిని దులుపుకోవడానికి ఒళ్ళు జలదరించింది.

టీ తాగుతూ రెండో తగువు ప్యాడ్ గురించి. జీను కింద వేసే మందపాటి ఉన్ని ప్యాడ్ వేస్తే సరిపోతుందని డాలస్‌లో ఎవరో సలహా ఇచ్చారట.

బాబాయి: ఈ రోడ్డునే విజయవాడ వైపు పోతూ కొండపల్లిలో ఆగు. పొణికి కర్రతో బొమ్మ చేస్తారు. ముక్కలు విడివిడిగా చెక్కి అతికిస్తారు. సందు ఉంటే మక్కు పెట్టి పూడుస్తారు, చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపి. బొమ్మ కదలదు కాబట్టి మక్కు నిలుస్తుంది. మీ ప్యాడ్ అంటే మక్కే. బతికున్న గుర్రానికి మక్కు పెడతారా? ఇరుకుగా ఉన్న కమాను కింద ఇంకో అంగుళం మందం వేస్తే ఇంకా ఇరుకు. బార్లు పొడుగైతే ప్యాడ్ వాటిని పొట్టి చేస్తుందా?

అమ్మాయి: పొడవుకి చెయ్యదు, ఒప్పుకున్నా. కానీ మక్కూ పనికొస్తుంది బాబాయ్. మధ్యలో కొద్దిగా సందుండి నాలుగు మూలలే ఆనే జీనుంటుంది. వీపుకి వంతెన కట్టినట్టు. సందు సన్నదైతే అక్కడొక చిన్న మెత్త పెడితే బరువు పంచుతుంది. పైగా గుర్రం వీపు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. చలికాలం పని లేక లావెక్కుతుంది, పోటీల రోజుల్లో కండ దిగుతుంది. కాలానికొక చట్రం చేయించలేం కదా.

బాబాయి: అది సరే. సన్న సందుకి.

ఆయన “అది సరే” అన్నది రెండు గంటల్లో ఆ ఒక్కసారే. నేను గుర్తు పెట్టుకున్నాను.

చెమట సంగతి మాత్రం ఇద్దరూ ఒకటే చెప్పారు. అరగంట తోలి, జీను దించి చూడాలి. వీపంతా తడిసి మధ్యలో రూపాయి బిళ్ళంత పొడి చోటు కనిపిస్తే అక్కడ జీను గట్టిగా నొక్కుతోందనో, అసలు ఆనడం లేదనో అర్థం. చెయ్యి పెట్టి నొక్కి చూస్తే ఏదో తెలిసిపోతుంది. నొక్కుడు నెలల తరబడి సాగితే వెంట్రుకకి రంగునిచ్చే కణాలు చచ్చిపోయి తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. పుండు మానినా ఆ తెలుపు పోదు. మన పెళ్ళిగుర్రం వీపు మీది ముచ్చటైన మచ్చలు అవే.

అమ్మాయి: కాన్పూర్‌లో చేయిద్దామని నా ఆలోచన. జీనులకి కాన్పూర్ పేరు ఈనాటిది కాదు, 1860ల్లో సైన్యం కోసం అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. కాన్పూర్ శాడిలరీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఫోటోలు పంపిస్తే అమెరికా పద్ధతిలోనే కట్టిస్తామన్నారు ఒకరు. ఖర్చు సగం కూడా కాదు.

బాబాయి: ఫోటో పంపితే ఫోటోకి సరిపోయే జీను వస్తుంది. పనివాడిది తప్పు కాదు. నువ్వు కొలత ఇవ్వందే వాడు ఎవరి వీపుకి చేస్తాడు? చేత్తో వంచితే వంగి అలాగే నిలిచే తీగ తీసుకో. మూపు వెనక అడ్డంగా వేసి అదిమి, ఆ వంపు అట్ట మీద గియ్యి. నాలుగు వేళ్ళు వెనక ఇంకోటి. రెండో గీత దగ్గర ఇంకోటి. వెన్ను పొడుగునా ఒకటి. నాలుగు గీతలు. ఆ అట్ట పంపు, అప్పుడు కాన్పూర్ అయినా ఒకటే, కాకినాడ అయినా ఒకటే.

అమ్మాయి: అట్ట పంపినా కుదరకపోతే? సముద్రం దాటి తిప్పి పంపాలి. అక్కడే కొంటే వారం రోజులు వేసి చూసి తిరిగిచ్చే వీలుంటుంది. నాకిప్పుడు అదే మేలనిపిస్తోంది.

ఈ విషయంలో నేను అమ్మాయి పక్షం. అట్ట మీద గీత నిలబడి ఉన్న గుర్రానిది. పీపా చుట్టూ ఒరిగి, వెన్ను వంచి తిరుగుతున్న గుర్రం వీపు ఏ అట్ట మీదా ఎక్కదు. ఎక్కించి, తోలి, దించి, చెమట చూడవలసిందే. చట్రమే లేని మెత్త జీనులూ ఉన్నాయట. వాటి మాట ఎత్తితే రికాబుల బరువంతా ఒక్క చోటే లాగుతుందని ఇద్దరూ కొట్టిపారేశారు.

అమ్మాయి: స్కాంపర్ అని ఒక గుర్రం ఉండేది బాబాయ్. షార్మెయిన్ జేమ్స్ అనే అమ్మాయిది. 1,100 డాలర్లకి కొన్నారు. ఆ గుర్రం మీద 1984 నుంచి 1993 దాకా వరసగా పదేళ్ళు ప్రపంచ విజేత ఆవిడ. 1985లో లాస్ వేగాస్ ఫైనల్స్‌లో పరుగు మొదట్లోనే కళ్ళెం ఊడిపోయింది. చేతిలో పగ్గం ఉండీ లేనట్టే. ఆ గుర్రం మూడు పీపాలూ దానంతటదే చుట్టి వచ్చి ఆ రౌండు గెలిచింది.

బాబాయి: చూశావా! కళ్ళెం ఊడినా పరిగెత్తింది. ఎందుకు? వీపు మీద నొప్పి లేదు కాబట్టి.

స్కాంపర్ ఆ మాట ఎక్కడా చెప్పలేదు. బాబాయి చెప్పించాడు. అమ్మాయి నవ్వింది గానీ కాదనలేదు.

చీకటి పడుతుంటే బాబాయి లేచి గుర్రపతనితో ఏదో మాట్లాడి, ఇంట్లోకి వెళ్ళాడు. లోపల కాసేపు కేకలు వినిపించాయి. ఆ రాత్రి పెళ్ళికొడుకు కారులో ఊరేగాడు. గుర్రం మీద జరీగుడ్డ మాత్రం కప్పి ముందు నడిపించారు. మాట్లాడుకున్న డబ్బు గుర్రపతనికి పైసా తగ్గించకుండా ఇచ్చారు. వీడియో తీసేవాడొక్కడే చిన్నబుచ్చుకున్నాడు.

అమ్మాయి డాలస్‌కి ఫోన్ చేసి చెప్పింది. ముగ్గుపిండి దొరక్క సుద్దముక్కతో గీతలు గీశారు తండ్రీకూతుళ్ళు. జీనుని తిరగేసి, ఉన్ని మీద వేళ్ళతో నొక్కుతూ లోపలి బారు కొస ఎక్కడుందో పట్టుకుని టేపు వేశారు. మర్నాడు పొద్దున్న నాకూ చూపించింది ఫోటోలు. మొదటి ఫోటోలో జీను సరిగ్గానే ఉంది, బారు కొస రెండో గీత దగ్గరే ఆగింది. కానీ ముందు భాగం జబ్బపలక మీదెక్కి కూర్చుంది. ఇన్నాళ్ళూ అలాగే వేశారు. రెండో ఫోటోలో దాన్ని వెనక్కి, ఉండవలసిన చోటికి జరిపారు. అప్పుడు బారు గీత దాటి మూడు వేళ్ళు నడుము మీదికి పోయింది. స్కర్టు సంగతి సరేసరి.

జీనుని అమ్మకానికి పెట్టారు. ప్రకటన అమ్మాయే రాసింది, విమానమెక్కే ముందు బాబాయికి చదివి వినిపించింది. మొదటి వాక్యం బార్ల పొడవు, 23 అంగుళాలు. సీటు కొలత రెండో వాక్యంలో ఉంది.